నార్మల్ అని వచ్చిన నొప్పి

నా రక్తపరీక్షలూ స్కానింగులూ అన్నీ నార్మల్ అని రాగానే మా అత్తగారు చిలకలగూడ ఇంట్లో స్తుతి కూడిక పెడుతున్నామని చర్చి సంఘమంతటికీ కబురు చేసేశారు. మావాళ్లలో ఎవరికోసమైనా ప్రార్థన చేస్తే, ఆ మనిషి నలుగురిలో లేచి సాక్ష్యం చెప్పాలి. నా సాక్ష్యం నాకన్నా ముందే తయారైపోయింది: స్వస్థత కలిగింది.

నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. చీర అంచు పిక్కకు తగిలితే మంట. క్లాసులో బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే భుజం నుంచి వేళ్లదాకా సలుపు. ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా నొప్పులు పెట్టే జబ్బు, అన్నాడొక డాక్టరు. అంతా మనసులోదే అన్నాడు ఇంకొకడు. సంఘంవాళ్లు నా విశ్వాసాన్ని అనుమానించారు, ఆ రెండో డాక్టరు నా బుర్రని. వాదం ఒక్కటే: మాకు కనపడలేదు కాబట్టి లేదు.

నరాల డాక్టరమ్మ అలా అనలేదు. చర్మంలో అతి సన్నని నరాల కొసలుంటాయనీ, అవి స్కానింగుకు దొరకవనీ, ఈ జబ్బున్నవాళ్లలో కొందరికి అవి పలచబడతాయనీ, అందరికీ కాదనీ చెప్పింది. చీలమండ పైన మత్తిచ్చి బియ్యపుగింజంత చర్మం తీసింది.

దాని రిపోర్టు రాకముందే కూడిక వచ్చింది. సంఘపెద్ద "సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. అత్తగారు మోచేయి పట్టుకుని లేపారు. ఆ పట్టుకే ప్రాణం విలవిల్లాడింది.

"నొప్పి తగ్గలేదండీ. తగ్గిందంటే అబద్ధ సాక్ష్యం అవుతుంది. అది కూడదని సండే స్కూల్లో నేర్పింది మీరే."

ఎవరూ ఆమెన్ అనలేదు. మోకాలికి పట్టీ వేసుకుని కూర్చున్న పక్కింటామె మాత్రం, "జెర విశ్వాసం పెంచుకో వదినా, అదే పోతది" అంది.

"అయితే ముందు మీ మోకాలి పట్టీ విప్పండి" అన్నాను. ఒకరిద్దరు నవ్వు దాచుకున్నారు. అత్తగారు చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత రిపోర్టు వచ్చింది. ఉండాల్సినన్ని నరాల కొసలు లేవు. సంఘపెద్దకు చూపించి వస్తానని మా ఆయన మేకుకున్న స్కూటర్ తాళం తీశారు.

"వెళ్లనీ అమ్మాయ్, నీ మాటే నిజమైంది కదా" అన్నారు అత్తగారు.

"ఇవాళ అవలేదు అత్తయ్యా. ఆరోజు చెప్పినప్పుడే నిజం."

ఆ చర్మపు ముక్కలో నరాలు నిండుగా ఉంటే నా పిక్క మండటం మానేసేదా? ఇదే జబ్బుండి, చర్మంలో ఏ తేడా దొరకనివాళ్లు ఉంటారు. కాగితం చూపించి నేను గెలిస్తే, వాళ్లంతా అబద్ధాలకోరులవుతారు. అలాంటి గెలుపు నాకక్కర్లేదు.

తాళం మళ్లీ మేకుకి తగిలించమన్నాను.