ఒట్టు తీసి గట్టున పెట్టిన రోజు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నేను పామర్రు దగ్గర కాలువ లాకుల పక్కన కాపురముంటున్న మార్తమ్మను, మీ అందరికీ వందనాలు. మన సంఘ పత్రికలో సాక్ష్యం చెప్పినవారిలో తాగుడు మానినవారున్నారు, డాక్టర్లు వదిలేసిన మంచం మీద నుంచి లేచి నడిచినవారున్నారు. నాది అంత పెద్ద సాక్ష్యం కాదు. దేవుడు నన్ను విడిపించింది దిగులు నుంచి. నవ్వకండి! దిగులు కూడా రోగమే, పైగా మందు లేని రోగం. మా ఆయన లాకుల దగ్గర లష్కరు, కాలువ తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. కాలువలో నీళ్లు పెరిగితే నాకు దిగులు, తగ్గితే దిగులు, ఆయన అన్నానికి పావుగంట ఆలస్యమైతే నీళ్లలో పడిపోయాడేమోనని దిగులు, వేళకే వచ్చేస్తే ఉద్యోగం ఊడిందేమోనని దిగులు. ప్రార్థనలో మోకరించినా సరే, సగం ప్రార్థన దేవుడికి, సగం పొయ్యి మీద అన్నానికి!

నాకు ఒక్కతే కూతురు, పేరు సువార్త. పుట్టుకతోనే దానిది పుర్రచెయ్యి. ముద్ద తీసుకున్నా ఎడమ చేత్తోనే, రాయి విసిరినా ఎడమ చేత్తోనే. దానికి నాలుగేళ్లప్పుడు నేను కూలికి వెళ్లే పొలం ఆసామి గారి భార్య గట్టు మీద నిలబడి ఉంటే, ఆమెకని నేను కోసి ఉంచిన తోటకూర కట్టను ఇది ఎంతో సంతోషంగా పరుగెత్తుకెళ్లి ఎడమ చేత్తో అందించింది. ఆమె ఆ కట్టను పక్కనున్న బోదె కాలువలో పారేసి, "పిల్లకి మీరు నేర్పేది ఇదేనా?" అని అందరిలో నన్ను అడిగింది. ఆ ఏడు మళ్లీ ఆ పొలానికి నన్ను పిలవలేదు. సహోదరులారా, ఆ రోజు నుంచి నా దిగులంతా నా బిడ్డ ఎడమ చేతిలోకి వచ్చి కూర్చుంది. పాత చీర అంచు చింపి, అన్నం తినేటప్పుడు ఆ చేతిని నడుముకు కట్టేసేదాన్ని. పలక మీద ఎడమ చేత్తో గీస్తే వేళ్ల మీద గరిటెతో కొట్టేదాన్ని. అది ఏడిస్తే నేను మానేదాన్నేమో, కానీ ఏడవకుండా నా ముఖం చూస్తూ కుడి చెయ్యి నేర్చుకుంది.

హైస్కూల్లో అది గైడ్స్‌లో, అంటే ఆడపిల్లల స్కౌట్లలో చేరింది. వాళ్ల గైడ్ టీచరు రాహేలమ్మ గారు మన సంఘస్తురాలే, పెళ్లి చేసుకోకుండా బడి పిల్లల్నే బిడ్డలనుకున్న మనిషి. ఆమె చేతి కింద మా సువార్త తాళ్లు ముడివేయడం, దెబ్బలకు కట్టు కట్టడం, డేరాలు వేయడం అన్నీ నేర్చుకుని, పరీక్ష మీద పరీక్ష గెలిచి చివరికి రాష్ట్రపతి గైడ్ అయింది, పదో తరగతిలో బడికే మొదటిది వచ్చింది. ఊరంతా మెచ్చుకుంటుంటే నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఇక చదువు అంటే బెజవాడ కాలేజీ, హాస్టలు, మా ఆయన జీతానికి అందని సంగతి. రాహేలమ్మ గారు స్కౌట్లకు, గైడ్లకు చదువుకు సాయం చేసేవారి కోసం వెతికి వెతికి ఉత్తరాలు రాశారు. ఒకచోట మగపిల్లలకే అన్నారు, ఒకచోట గడువు దాటిందన్నారు, ఒకచోట నుంచి జవాబే లేదు. ఆ నెలంతా పోస్ట్‌మాన్ సైకిలు గంట వినబడితే వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. అప్పుడే కాలువలకు నీళ్లు వదిలారు, నారుమళ్లు పోశారు, ముఠా మేస్త్రి మా వాకిట్లోకి వచ్చి, "ఈ ఏడు ఊడ్పులకి పిల్లని కూడా పంపు మార్తమ్మా, చేతులు చురుకు" అని చెప్పిపోయాడు. ఒకసారి బురదలో దిగిన ఆడపిల్ల మళ్లీ పుస్తకం పట్టడం నేను చూడలేదు.

అప్పుడు బెజవాడ గవర్నర్‌పేట నుంచి ఒక పెద్దాయన ఉత్తరం వచ్చింది. ఆయన టోకు బట్టల వ్యాపారి, హిందువు, చిన్నతనంలో స్కౌటు. ఏటా మంచి మార్కులు వచ్చిన స్కౌట్లను, గైడ్లను కొందరిని ఎంచుకుని చదువు పూర్తయ్యేదాకా చూస్తాడట. శుక్రవారం మార్కుల లిస్టు, గైడుగా చేసినవన్నీ రాసుకున్న లాగ్ బుక్కు తీసుకుని పిల్లను రమ్మన్నాడు. శనివారంతో కాలేజీలో గడువు ఆఖరు!

గురువారం సాయంత్రం రాహేలమ్మ గారు మా అరుగు మీద సువార్త చేత అన్నీ తిరగేయించారు, సెల్యూట్ చేయించారు, చివరికి లేచి తన ఎడమ చెయ్యి చాపారు. నా కూతురు నవ్వుతూ తన ఎడమ చెయ్యి ఇచ్చింది! నా పై ప్రాణాలు పైనే పోయాయి. "కంగారు పడకు మార్తమ్మా, మా స్కౌట్లు, గైడ్లు ఎడం చెయ్యే కలుపుతారు, అది గుండె పక్క చెయ్యి గదా" అన్నారామె. నేను తలూపాను గానీ నా చెవికి ఎక్కలేదు. నా కళ్ల ముందు బోదెలో తేలుతున్న తోటకూర కట్టే ఉంది. ఆమె వెళ్లగానే తలుపు దగ్గరికి వేసి, నేను చేసిన పని చెప్పడానికి ఈనాటికీ సిగ్గేస్తోంది, సువార్త కుడి చెయ్యి తీసి నా నెత్తిన పెట్టుకున్నాను.

"రేపు ఆ పెద్దాయన ముందు ఎడం చెయ్యి చాపనని ఒట్టెయ్యి. చాపావంటే నేను చచ్చినంత ఒట్టు."

"అమ్మా, అది మా గైడ్స్‌లో..."

"ఒట్టెయ్యవే!"

వేసింది. ఒట్టు పెట్టుకోవద్దని మన ప్రభువు చెప్పిన సంగతి నాకు తెలియక కాదు, ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాను. దిగులు ముదిరితే దేవుడి మాట కూడా వినబడదు సహోదరులారా, అదే ఆ రోగం లక్షణం.

మర్నాడు మా ఆయనకు లాకుల దగ్గర సెలవు దొరకలేదు, రాహేలమ్మ గారికి బడి ఉంది, నేనూ సువార్తా మొదటి బస్సెక్కాం. ఉయ్యూరు దాటేదాకా లాగ్ బుక్కు ఉందా లేదా అని సంచిలో తడిమాను, కంకిపాడు దాటేదాకా ఒట్టు గుర్తుందా అని దాన్ని పీడించాను. గవర్నర్‌పేటలో రిక్షాల గంటలు, బట్టల మూటలు మోసేవాళ్ల అరుపులు, ఆ సందడిలో కొట్టు వెతుక్కునేసరికి పొద్దెక్కింది. కొట్టు కింద, ఆయన గది మేడమీద. పిల్లల్ని ఒక్కొక్కరినే పంపమన్నారని గుమాస్తా చెబితే నేను మెట్ల కింద మూటల పక్కన కూర్చున్నాను. కాసేపటికే సువార్త దిగి వచ్చింది. స్కార్ఫు చక్కగానే ఉంది, కాగితాలు చేతిలో అలాగే ఉన్నాయి, ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

అడగ్గా అడగ్గా చెప్పింది. ఈమధ్య దొంగ సర్టిఫికెట్లు తెచ్చేవాళ్లు ఎక్కువయ్యారట, అందుకని వచ్చిన ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఆ పెద్దాయన ఏమీ మాట్లాడకుండా ముందు తన ఎడమ చెయ్యి చాపుతాడట. నిజమైన స్కౌటయితే వెంటనే ఎడమ చెయ్యే ఇస్తాడు. మా సువార్త రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. ఆయన చెయ్యి తీయకుండా, "గైడువేనా అమ్మా?" అన్నాడట. "అవునండి" అందట. "మరి చెయ్యి ఇవ్వవే?" అంటే తల వంచుకుని నిలబడిందట. ఆయన లాగ్ బుక్కు విప్పకుండానే తిరిగి ఇచ్చేశాడు.

"మా అమ్మ ఒట్టు వేయించిందని నోటితో చెప్పొచ్చు కదే!" అన్నాను.

"చెబితే నీదే తప్పని అనుకుంటారు కదమ్మా" అంది.

అంతే అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అయ్యో దేవా! నా బిడ్డ చదువుకు అడ్డుపడింది పేదరికం కాదు, ఆసామి గారి భార్య కాదు, నేనే. ముద్ద తినే వేళ నేను కట్టిన చీర అంచు ఇంకా విప్పనే లేదు. ఊడ్పులు, బురద, శనివారం గడువు, అన్నీ ఒక్కసారే నా మీద పడ్డాయి. ఆ మెట్ల కిందే గోడకు ఆనుకుని, మనుషులు తోసుకుంటూ పోతుంటే కళ్లు మూసుకున్నాను. జన్మలో మొదటిసారి పొయ్యి గుర్తు రాకుండా ప్రార్థన చేశాను.

"తండ్రీ, ఇది నేను చేసిన పాపం, దాని మీద వేయకు. దాని చెయ్యి నువ్వు చేసిన చెయ్యి, నేను సిగ్గుపడి కట్టేశాను. నాకు భయంగా ఉంది, ఆ మెట్లెక్కి పెద్దవాళ్లతో మాట్లాడడం నాకు రాదు. నన్ను నడిపించు తండ్రీ, నోరు నువ్వే తెరువు."

ప్రార్థన చేయగానే భయం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. భయంతోనే లేచాను. గుమాస్తా, "అయ్యగారు భోజనానికి లేస్తున్నారు, ఆగమ్మా" అని అడ్డం వచ్చాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, అతని చంక కింద నుంచి దూరి పైకి వెళ్లిపోయాను! పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోనే ఉన్నాడు. ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా, ముప్పై ఐదేళ్లుగా ఎవరి ముందూ చాపని నా ఎడమ చేతిని ఆయన ముందు చాపాను. వెనకాల గుమాస్తా, "ఏయ్, ఏంటమ్మా అది!" అని కేకేశాడు. నేను తీయలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి ఏడుస్తూ మొత్తం చెప్పేశాను, తోటకూర కట్ట, చీర అంచు, నెత్తిన చెయ్యి, ఒట్టు, అన్నీ.

"నా బిడ్డ నిజమైన గైడేనండి బాబుగారూ. తప్పు నాదండి. దాన్ని దొంగ అనుకోకండి."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. తర్వాత గుమాస్తాతో పిల్లను పిలవమన్నాడు. సువార్త వచ్చి నిలబడగానే నా వైపు తిరిగి, "ముందు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టమ్మా" అన్నాడు.

మన ఇళ్లలో పిల్లలు ఆటల్లో అనుకునే మాటే అది. నేను సువార్త ముందుకు వెళ్లి, "ఒట్టు తీసి గట్టున పెట్టానే తల్లీ, నాకేం కాదు" అన్నాను. ఆయన ఎడమ చెయ్యి చాపాడు. అది అప్పటికీ ఒక్కసారి నా ముఖం చూసింది, చిన్నప్పుడు గరిటె ముందు చూసినట్టే. నేను తలూపాను. అప్పుడు నా బిడ్డ తన ఎడమ చేతిని ఆయన చేతిలో పెట్టింది.

"కాలేజీ చదువు పోతుందని తెలిసి కూడా మాట తప్పలేదు" అన్నాడాయన గుమాస్తాతో. "గైడు మాట నమ్మొచ్చు అన్నదే గదయ్యా మా మొదటి నియమం. ఇంక లాగ్ బుక్కు చూసేదేముంది? కాగితం తే."

ఆయన అప్పుడే కాలేజీకి ఉత్తరం రాసిచ్చాడు. ఇంటర్‌కూ, ఆపైన డిగ్రీకీ, ఫీజూ హాస్టలూ అన్నీ తన మీదేనని రాశాడు. ఆ సాయంత్రమే కాలేజీలో పేరు రాయించి బస్సెక్కాం. అంతా నాశనం చేసిందనుకున్న ఒట్టునే మన దేవుడు నా బిడ్డకు సాక్షిగా నిలబెట్టాడు సహోదరులారా! ఇది ఆయన పని కాకపోతే మరెవరి పని? ఆ ఆదివారం సంఘంలో నిలబడి నా పాపం ఒప్పుకున్నాను. మా ఇంట్లో ఆ తర్వాత ఎవరూ ఎవరి మీదా ఒట్టు వేయలేదు. దిగులు ఇప్పటికీ గుమ్మం దాకా వస్తుంది, అబద్ధమెందుకు చెప్పాలి, కానీ లోపలికి రానివ్వను. వచ్చినప్పుడల్లా ఆ మెట్ల కింద చేసిన ప్రార్థనే మళ్లీ చేస్తాను.

ఇది చదువుతున్న తల్లులారా, తండ్రులారా, ప్రేమ అనుకుని మీ పిల్లలకు మీరు కట్టిన కట్లు ఏవైనా ఉంటే ఈ రోజే విప్పండి. మీ భయాన్ని ఎవరి నెత్తినా పెట్టకండి, యేసయ్య పాదాల దగ్గర పెట్టండి, ఆయన మోస్తాడు. నన్ను మోసినవాడు మిమ్మల్ని మోయలేడా?

నాకు చదువు రాదు, సంతకం వరకే. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది డిగ్రీ రెండో ఏడు చదువుతూ సెలవులకు వచ్చిన నా సువార్త. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయట, పత్రిక అచ్చువేసే సహోదరులు క్షమించాలి. ఎడమ చేత్తో రాస్తోంది, ఇంకా అలవాటు కాలేదు. నేనే రాయమన్నాను. దేవునికే మహిమ.