బావగారి మడి చొక్కా

పసిపిల్ల దగ్గర సిగరెట్టు పొగ కూడదన్న ఈ సంగతి నేను మొదట చెప్పినప్పుడు ఎవరూ వినలేదు. తర్వాత చెప్పినప్పుడూ వినలేదు. డాక్టరుగారు చెప్పాక మాత్రం మా అక్క ఇంట్లో అందరూ అదేదో అప్పుడే తెలిసినట్టు ఒకరికొకరు చెప్పుకున్నారు. "డాక్టరమ్మ ఏం చెప్పారో విన్నావా?" అని మా అక్క అత్తగారు నన్నే అడిగారు. పాప పుట్టినప్పటి నుంచీ నేను చెబుతున్నది అదే కదండీ అత్తయ్యగారూ అంటే, "నువ్వు చెబితే దెబ్బలాడుతున్నట్టు ఉంటుంది నాయనా, అందుకని చెవికెక్కదు" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు.

మా అక్కది మండపేట. బావగారు అక్కడే ఒక రైసుమిల్లులో మేనేజరు. నాకు రావులపాలెంలో పెయింట్ల కొట్టు ఉంది. అక్కకి పెళ్ళయిన చాలా ఏళ్ళకి పుట్టింది పాప. మొక్కని గుడి లేదు, తిరగని ఆస్పత్రి లేదు. అంత అపురూపంగా పుట్టిన పిల్లని, బారసాల రోజున, డాబా మీద సిగరెట్టు కాల్చి అప్పుడే దిగివచ్చిన బావగారు ఆ చేతులతోనే ఎత్తుకుని, మెడ ఒంపులో ముఖం పెట్టి ముద్దులాడారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"బావగారూ, కాస్త చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని ఎత్తుకోండి. పసిపిల్ల కదా" అన్నాను.

"ఏంటోయ్, కన్నకూతుర్ని ఎత్తుకోడానికి మడి కట్టుకోమంటావా?"

పందిట్లో అందరూ నవ్వారు. వీడియో తీసేవాడు కూడా నవ్వాడు. ఆ వీడియో వాళ్ళింట్లో ఇప్పటికీ చుట్టాలొస్తే వేస్తారు. అందులో నవ్వని ముఖం నాదొక్కటే.

పాపకి ఏడాది దాటాక దగ్గు పట్టుకుంది. జలుబు చేసినప్పుడల్లా గుండెల్లో పిల్లికూతలు వినబడేవి. ఇంట్లో అందరూ మిల్లుల మీదకి తోసేశారు. "మండపేటలో పుట్టి దగ్గకపోతే ఎలాగర్రా! ఊక దుమ్ము, తవుడు దుమ్ము, అన్నీ మన ముక్కుల్లోకే" అనేవారు అత్తయ్యగారు. నిజమే, కాదనను. ఆరేసిన బట్టల మీద ఊక బూడిద నల్లగా వాలడం నేనూ చూశాను. అందుకని కిటికీలన్నీ బిగించేశారు. బయటి దుమ్ము రాకుండా కిటికీలు బిగించుకుని, లోపల బాత్‌రూములో మనిషి సిగరెట్టు కాల్చే ఇల్లు అది. ఆ తలుపు తీయగానే పొగ నడవలోకి వచ్చేది. నడవ పక్కనే పాప ఉయ్యాల.

"మిల్లుల్ని నేను ఆపలేను బావగారూ. సిగరెట్టు మీరు ఆపగలరు కదా" అన్నాను ఒకసారి.

"నువ్వు ముందు పెళ్ళి చేసుకోవోయ్ బావమరిదీ. తర్వాత పిల్లల్ని ఎలా పెంచాలో మాకు నేర్పుదువుగాని."

అక్క నవ్వు ఆపుకోడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సొంత అక్క. ఇదీ రాసి పెట్టుకున్నాను, మనసులో.

అప్పటి నుంచి నాకు రోజూ పొద్దున్నే ఒక పని. అక్కకి ఫోను చేసి, ఫోను పాప వీపుకి ఆనించమనేవాడిని. ఊపిరి చప్పుడు వినాలని. సగం రోజులు ఫ్యాను చప్పుడే వినిపించేది. "ఒరేయ్, నీకు పిచ్చి పట్టిందిరా" అనేది అక్క. అంటూనే ఆనించేది. పిల్లికూత వినబడిన ఒక రోజు కొట్లో ఒకాయన లేత పసుపు రంగు అడిగితే ముదురు నీలం కలిపి ఇచ్చాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో ఉండగానే పాపకి ఆయాసం వచ్చింది. డొక్కలు ఎగరేస్తోంది. మాట రావడం లేదు. ఊళ్ళో చూపించే డాక్టరు ఆదివారం ఉండరు. బావగారి కారులో రాజమండ్రి బయల్దేరాం. వెనక సీట్లో పాప నా ఒళ్ళో. కారు అద్దాలు మూసి ఏసీ వేసేసరికి పాత సిగరెట్ల వాసన గుప్పుమంది. సీటు గుడ్డలోంచి, తలుపుకున్న అరలోంచి, ఎక్కడెక్కడి నుంచో వస్తోంది. నేను అద్దం దించాను.

"దుమ్మురా! ఎత్తు అద్దం" అంది అక్క ముందు సీట్లోంచి.

"లోపల ఉన్నదేంటక్కా మరి?"

"ఇప్పుడా నీ గొడవ?"

ద్వారపూడి దాటేదాకా అద్దం నేను దించడం, అక్క ఎత్తమనడం. పాప ముక్కుపుటాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. నేను దాని పెదాల రంగు చూస్తూ కూర్చున్నాను. అంత దూరం అనిపించలేదు ఎప్పుడూ రాజమండ్రి.

అక్కడి డాక్టరమ్మగారు మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించారు. పాప కుదుటపడ్డాక, పెన్ను పట్టుకుని, "ఇంట్లో ఎవరైనా సిగరెట్టు తాగుతారా అమ్మా?" అని అడిగారు.

"లేదండి. మా ఇంట్లో అలాంటివి లేవండి" అంది మా అక్క.

మొగుడి పరువు అంటే మా అక్కకి అంత. బావగారు గోడమీద టీకాల బొమ్మ చూస్తున్నారు. నేను ఒక్క క్షణం ఆగాను, ఆయనే చెబుతారేమోనని.

"తాగుతారండి. పిల్ల తండ్రి. ఇంట్లో తాగుతారు, కారులో తాగుతారు" అన్నాను.

డాక్టరమ్మగారు ఎవరినీ తిట్టలేదు. బావగారి వైపు తిరిగి, ఆ పొగే పిల్ల ఊపిరితిత్తుల్ని రెచ్చగొడుతోందనీ, ఇంట్లోనూ కారులోనూ అసలు పనికిరాదనీ, బయట కాల్చి వచ్చినా బట్టలకీ జుట్టుకీ పట్టి ఉంటుందనీ, మానేయడమే దారి అనీ చెప్పారు. "ఒక్కరే మానడం కష్టమండి. సాయం చేసేవాళ్ళు మా ఆస్పత్రిలోనే ఉన్నారు. రండి" అన్నారు.

తిరుగుదారిలో అక్క, "నా కాపురం గురించి డాక్టర్లకి చాడీలు చెప్పడానికి వచ్చావట్రా?" అంది. ఆ తర్వాత చాలా రోజులు ఫోను ఎత్తలేదు. పాప ఊపిరి ఎలా ఉందో తెలియక నేను వాళ్ళ పక్కింటివాళ్ళకి ఫోను చేసి, పిల్ల ఆడుకుంటోందా అని అడిగేవాడిని.

మళ్ళీ వెళ్ళేసరికి పెరటి గుమ్మం పక్కన ఒక మేకు, మేకుకి ఉతికిన తెల్ల చొక్కా ఉన్నాయి. అత్తయ్యగారి ఏర్పాటు. ఆవిడ పూజ చీర దండెం మీద ఉంటే కాకిని కూడా వాలనివ్వరు. డాక్టరమ్మగారు బట్టల మాట అన్నారు కాబట్టి, సిగరెట్టు కాల్చిన బట్ట మైలబట్ట అని తీర్మానించారు. బావగారు పెరట్లోంచి రావాలి, కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, పుక్కిలించి, ఆ చొక్కా తొడుక్కోవాలి. అప్పుడే పిల్లని ముట్టుకోవాలి. వీధిలో వాళ్ళంతా మెచ్చుకున్నారట.

"మడి కట్టుకున్నానోయ్. ఇప్పుడు ఎత్తుకోవచ్చా, అయ్యవారూ?" అన్నారు బావగారు నన్ను చూసి.

"పొగ నీళ్ళతో పోయే మైల కాదండీ. అది మీ ఊపిరిలోంచి వస్తుంది ఇంకా" అన్నాను.

"ఎంత చేసినా నీకు తృప్తి లేదు నాయనా" అన్నారు అత్తయ్యగారు.

జరిగిందేంటంటే, ఆ మడి చొక్కా వచ్చాక ఆయన ఇంకా ఎక్కువ కాల్చడం మొదలెట్టారు. ఇదివరకు లోపల ఎక్కడో కాస్త బెరుకు ఉండేది. ఇప్పుడు కడుక్కుంటే పోతుందన్న ధైర్యం వచ్చింది. మిల్లు నుంచి వస్తూ కారులో అద్దాలు ఎత్తుకుని కాల్చి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, తెల్ల చొక్కాలో పిల్లని ఎత్తుకుని, మళ్ళీ అదే కారులో షికారు తిప్పేవారు. కారుకి మడి ఎవరు కట్టారు? పాపకి పిల్లికూతలు తగ్గనూ లేదు.

మూడో ఏట చెవులు కుట్టించాలని ముహూర్తం పెట్టారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. ఆ ఇంట్లో నా అవసరం ఉన్న పని అదొక్కటే. నేను రానన్నాను. బావగారు సిగరెట్టు మానితేనే ఒళ్ళో కూర్చోబెట్టుకుంటానన్నాను.

అక్క ఫోనులో ఏడ్చింది. "మేనమామవేనా నువ్వు? శత్రువువా?" అంది. అత్తయ్యగారైతే, "వరసకి మేనమామ అయ్యేవాళ్ళు మీ చుట్టాల్లోనే, తుని నిండా ఉన్నారు, కబురు చేస్తే పరిగెత్తుకొస్తారు" అన్నారు. పిలుచుకోండి అన్నాను. అన్నానే గానీ, ఆ రోజంతా అన్నం సయించలేదు. ఎవడి ఒళ్ళోనో కూర్చుని అది ఏడుస్తుంటే నేను ఇక్కడ డబ్బాలు సర్దుకుంటూ ఉంటానా అని.

మర్నాడు బావగారే కొట్టుకి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. షట్టరు దగ్గర నిలబడి, రోడ్డు మీద పోతున్న అరటి గెలల లారీని చూస్తూ మాట్లాడారు.

"నాకు మానాలని లేదనుకుంటున్నావా?"

"నేనేం అనుకోవడం లేదండి. కాలుస్తున్నారు. అది చూస్తున్నాను."

"రెండుసార్లు మానానోయ్. మీ అక్కకి కూడా తెలీదు. మిల్లులో లోడింగు మొదలయ్యేసరికి చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. ఆపుకుంటే హమాలీల మీద కేకలు. ఇంటికొస్తే మా అమ్మ మీద కేకలు. ఓసారి పాప మీద అరిచాను. అది జడుసుకుంది. అంతకంటే కాల్చడమే నయమనిపించింది."

ఆయన నాతో అంతసేపు ఎగతాళి లేకుండా మాట్లాడటం అదే మొదలు. నేను షట్టరు దించేసి, ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్ళాను. ఆస్పత్రిలో పొగ మాన్పించే గదిలో ఒకావిడ చాలాసేపు మాట్లాడారు. ఎప్పుడెప్పుడు చెయ్యి జేబులోకి పోతుందో అడిగారు. నమిలే మందు ఇచ్చి, గబగబా నమలకూడదు, కాస్త నమిలి బుగ్గన పెట్టుకోవాలని చూపించారు.

"మేకలా నెమరెయ్యమంటారా?" అన్నారు బావగారు.

"మేకలు సిగరెట్లు కాల్చవు కదండీ" అందావిడ. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

"మధ్యలో ఒకసారి తప్పితే సిగ్గుపడి దాచుకోకండి. వచ్చి చెప్పండి. మళ్ళీ మొదలెడదాం" అని కూడా చెప్పిందావిడ. ఆ మాట బావగారు విన్నారు. నేను సాక్షి.

చెవులు కుట్టించిన రోజు నేనే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. కొట్టు వాసన ఉండకూడదని స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని వెళ్ళాను. కంసాలి ఆచారిగారు రెండో చెవి కుట్టేసరికి పాప గుక్కపట్టి ఏడ్చింది. ఏడుపు దగ్గయింది. దగ్గులోంచి ఆ కూత మొదలైంది. దాని వీపు మీద ఉన్న నా చేతికే ముందు తెలిసింది. బావగారు పరిగెత్తుకొచ్చి పాపని లాక్కుని, డాక్టరమ్మగారిచ్చిన గొట్టంతో మందు పీల్పించారు. ఆయన నా మీదికి వంగినప్పుడు నోట్లోంచి సోంపు వాసన వచ్చింది. దాని కింద ఇంకొకటి ఉందేమోనని నాకు అనిపించింది. ఉందో లేదో ఒట్టేసి చెప్పలేను. రోజంతా పెయింట్ల, థిన్నర్ల మధ్య బతికే నా ముక్కుని నేనే నమ్మను. అందుకే అడిగాను.

"బావగారూ, పొద్దున్న కాల్చారా?"

అందరూ విన్నారు. ఆయన పాప వీపు నిమురుతూ తల ఎత్తలేదు. "శుభమా అని చెవులు కుట్టించుకుంటుంటే ఏంటా ప్రశ్న!" అన్నారు అత్తయ్యగారు. అక్క నా చేతిలో మిఠాయి పళ్ళెం పెట్టింది. పాప తేరుకుంది గానీ నా ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

తర్వాత నేను ఫోను చేసి అడిగినప్పుడల్లా బావగారు, "భోంచేశావా?" అంటారు. "వర్షం పడిందా మీకు?" అంటారు. అక్కని అడిగితే, "ఆయన్ని అడగొద్దురా, మగాడికి చిన్నతనంగా ఉంటుంది" అంటుంది. మొన్న డాక్టరమ్మగారు, "మానేశారు కదండీ?" అని అడిగితే ఆయన, "అదేనండి, అదే చూస్తున్నామండి" అన్నారు. అది అవునూ కాదు, కాదూ కాదు. ఆవిడ దాన్ని అవుననే రాసుకున్నారు. పొగ లేని ఇంట్లో కూడా కూతలు తగ్గలేదంటే వచ్చేవారం పీల్చే మందు పెంచాలన్నారు.

నాకు భయం అక్కడే. ఆయన నిజంగా మానేసి ఉంటే, మందు పెంచనివ్వండి, నేను నోరెత్తను. మానకపోతే, తండ్రి దాచుకున్న మాటకి మూడేళ్ళ పిల్ల పెద్ద మోతాదు మందు పీల్చాలి. మధ్యలో తప్పానని ఆయన చెబితే నేను నవ్వను. ఎవరి ముందూ ఆ మాట ఎత్తను. కొట్టు మూసి మళ్ళీ ఆ గదికి తీసుకెళతాను. బావగారూ, నన్ను మీరు అన్నవన్నీ నాకు గుర్తున్నాయి, అవి వేరే లెక్క. ఈ ఒక్కదానికి మాత్రం భోజనం సంగతీ వర్షం సంగతీ కాకుండా, డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళేలోపు, నాకు కాకపోతే ఆవిడకైనా చెప్పండి. బావగారూ, కాలుస్తున్నారా, లేదా?