పోగు అలిగింది

మా మనుమరాలు దవాఖానలో చేసే ఉద్యోగం పేరు చెప్పాలంటే నాకు నోరు తిరగదు. మనసు చెదిరినవాళ్లకు, అందరిలా మెలగలేని పిల్లలకు చేతికేదో పని ఇచ్చి మెల్లగా మనుషుల్లోకి తెస్తారట. పూసలు గుచ్చిస్తారట, బుట్టలల్లిస్తారట. అందుకు పెద్ద చదువే చదివింది. నా సంగతి తెలిసినప్పటి నుంచి వచ్చినప్పుడల్లా చెప్పమని ప్రాణం తోడేస్తోంది. ఎన్నిసార్లని చెప్పను? రాసి పడేస్తే చదువుకుంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట ఇది. నా పుట్టిల్లు నంగునూరు, అత్తవారిది సిద్దిపేట, నేతపని ఇల్లు. ఇంట్లో అత్త, మా ఆయన, నేను. అప్పట్లో నా నోరంటే వాడంతా భయం. బావి దగ్గర నాతో తగువు పెట్టుకోవాలంటే ముందు అన్నం తిని రావాలనేవాళ్లు. తొలిచూలు ఆడపిల్ల. తొట్టెలలో వేయకముందే జ్వరమొచ్చి పోయింది. పేరు కూడా పెట్టలేదు.

అందరూ ఏడ్చారు. నేను ఏడవలేదు. ఓర్చుకుని కాదు, రాలేదు. పాలు మాత్రం వచ్చేవి. రవిక తడిసేది, తడిసిందని తెలిసేది, అంతే. పెడితే తినేదాన్ని, పెట్టకపోతే అడిగేదాన్ని కాదు. ఎవరేమన్నా వినపడేది గానీ జవాబివ్వాలని తోచేది కాదు. అందరూ దుఃఖం అన్నారు. దుఃఖమైతే బాగానే ఉండేది. తిమ్మిరెక్కిన కాలు మీద ఎవరో చెయ్యేసినట్టుండేది, ఏం జరిగినా.

ఇక్కడ ఆ ఇంటి మాట ఒకటి చెప్పాలి. మా అత్త ముందు పోగు తెగిందని అనకూడదు. తెగడం చెడ్డమాట అని ఆమె పట్టింపు. "పోగు అలిగింది" అనాలి. అలిగినదాన్ని బతిమాలి మళ్లీ కలుపుకుంటాం కదా, అలాగన్నమాట. మా ఆయనకూ చిన్నప్పటి నుంచి అదే అలవాటు.

ఓ రోజు పక్కింటావిడ గడపలో నిలబడి, "ఏందవ్వా, నీ కోడలికి పిచ్చిగిట్ల పట్టిందా?" అంది.

"నోర్ముయ్! పిచ్చి లేదు గిచ్చి లేదు. అలిగింది," అంది అత్త.

అయిపోయింది. ఆ మాటకు ఆ ఇంట్లో ఉన్న అర్థం బయటివాళ్లకేం తెలుసు? మొగుడి మీద అలిగి నోరు కట్టుకుందని వాడంతా పాకింది. కులపెద్దలు మా ఆయన్ని పిలిపించారు.

"ఏమన్నవురా పిల్లను?"

"నేనేమన్లే పెద్దయ్యా."

"అనకుంటె ఎందుకలుగుతది?"

పాపం, బజారుకు పోయి గాజులు, మిఠాయి తెచ్చి నా ముందు పెట్టాడు. నేను వాటి వంక చూస్తూ కూర్చున్నాను. ఆయన కాసేపు కూర్చుని, ఏం చేయాలో తోచక ఒక మిఠాయి తనే తిని, వెళ్లి మగ్గం గుంటలో దిగాడు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. బిడ్డా ఆయనదే పోయింది, తిట్లూ ఆయనే తిన్నాడు.

చివరికి పెద్దలు, అలిగిన ఆడది పుట్టింట్లో ఉంటేనే మంచిదని తేల్చి, వచ్చి తీసుకుపొమ్మని మా అన్నకు కబురు పెట్టారు. నాట్లు కాగానే వస్తానన్నాడు. ఈలోగానే మా ఆయనకు ఇంకో పిల్లను చూసే మాటలు మొదలయ్యాయి. ఇవన్నీ నా ముందే మాట్లాడేవాళ్లు, నేను గోడనైనట్టు. బండెక్కితే మళ్లీ రానని నాకూ తెలుసు. తెలిసినా ఏమీ అనిపించలేదు. భయపడ్డది అత్త.

మర్నాడు పొద్దున్నే నా రెక్క పట్టి ఈడ్చుకెళ్లి మగ్గం దగ్గర కుదేసింది. "కూసో. అతుకు. ఏడుస్తవో మానుతవో నీ ఇష్టం, చేతులు ఖాళీగ పెట్టకు."

అతకడమంటే ఇది. నేసిన పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోవస్తుంటే చివరి పోగులను మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే వాటికి కలపాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, ఇక్కడి పోగూ అక్కడి పోగూ కలిపి మెలిపెట్టాలి. లాగి చూడాలి. నిలిస్తే తర్వాతి పోగు. నూలు దొరకడమే గగనమైన రోజులు, ఒక్కటి పాడుచేయడానికి లేదు. గదమాయించడం తప్పంటుంది మా మనుమరాలు, తెలిసిన పని ఇవ్వడం మంచిదంటుంది. మా అత్తకు ఆ రెండూ వేరువేరుగా చేతకావు.

కూర్చున్నాను. వేళ్లకు ఆ పని పెళ్లికి ముందు నుంచే వచ్చు. బిడ్డ గుర్తు రాలేదు, అన్న బండీ గుర్తు రాలేదు. తర్వాతి పోగు ఎక్కడుందో మాత్రం తెలిసేది. కొన్ని రోజులు అది కూడా తెలియక ఊరికే కూర్చునేదాన్ని. అప్పుడు అత్త ఏమీ అనకుండా పోగు తీసి నా వేళ్ల మధ్య పెట్టేది. ఆ పడుగు అయ్యాక ఇంకొకటి ఎక్కించారు.

అన్న వచ్చేసరికి నేను అతుకుతూనే ఉన్నాను. పెద్దలు కూడా వెంట వచ్చారు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని తలుపు వారకు నిలబడింది. పెద్దల ముందు ఆమె మాట ఎవరు వింటారు? మా ఆయన తల వంచుకున్నాడు.

"చెల్లె, లే. అవ్వ ఎదురుచూస్తుంది," అని అన్న వంగి నా చెయ్యి పట్టుకోబోయాడు.

"పడుగు సగంల ఉన్నది," అన్నాను.

గొంతు నాదేనా అనిపించింది, అంత గరగరలాడింది.

"ఏమన్నవ్ చెల్లె?"

"సగంల ఉన్నదన్నా. గిప్పుడు లేస్తె అంత చిక్కువడ్తది. జెర జరుగు, వెలుతురుకు అడ్డమున్నవ్."

"గిట్ల మాట్లాడే పిల్లను పట్టుకొని అలిగిందంటరేంది!" అన్నాడు పెద్దయ్య, మా ఆయన్నే కోప్పడుతూ. అన్న మంచినీళ్లు తాగాడు, ఖాళీ బండి తోలుకుపోయాడు. ఇంకో పిల్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మొగుడి మీద ప్రేమతో ఉండిపోయిందని తర్వాత వాడంతా చెప్పుకున్నారు. శుద్ధ అబద్ధం. ఆ పూట నాకు ఎవరి మీదా ప్రేమ లేదు, కోపమూ లేదు. పడుగు సగంలో ఉందని చెప్పాను, అంతే.

అందరూ పోయాక అత్త వచ్చి నా పక్కన కూలబడింది. నేను మాట్లాడానని సంతోషిస్తుందనుకున్నాను. భోరున ఏడ్చింది. ఆమె అలా ఏడవడం నేనెన్నడూ చూడలేదు. ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "నాకు ముగ్గురు పోయిన్రు బిడ్డా," అంది. "నీ మొగనికంటె ముంగట. గప్పుడు నన్నెవ్వరు గిట్ల మగ్గం కాడ కూసోవెట్టలే."

ఆ సంగతి అంతవరకు నాకెవరూ చెప్పలేదు. కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాను. ఆమె వేళ్లకు బూడిద అద్దుకుంది. ఇద్దరం చెరో కొసన మొదలుపెట్టి, వెలుతురు ఉన్నంతసేపు అతికాం.