బక్కెట్లో మీటరు

డోన్ రోడ్డులో ఉన్న ఆ పట్టణం పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్ళు నా మీదికొస్తారు. ఊరి మురుగునీటినంతా శుద్ధి చేసి వంకలోకి వదిలే ప్లాంటు ఒకటి అక్కడుంది. దాంట్లో ఆపరేటరు దేవేంద్రప్ప. వానల్లేక సేద్యం వదిలేసి ఈ పనిలో చేరినవాడు. చెడ్డవాడు కాదు. నోట్లో నాలుక లేనివాడు, అంతే.

వదిలే నీళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో కాలుష్య నియంత్రణ ఆఫీసుకు ఎప్పటికప్పుడు తెలపాలని రూలు. అందుకే బయటికి పోయే కాలువలో ఒక మీటరు వేలాడుతుంటుంది. అది చూసింది చూసినట్టు ఆఫీసుకు పంపుతుంది, జనం కోసం గేటు దగ్గర బోర్డు మీదా చూపిస్తుంది. నీళ్ళు బాగుంటే పచ్చ లైటు, లేకుంటే ఎర్ర లైటు. ఎండాకాలంలో నీళ్ళలోకి గాలి కొట్టే మోటరు కాలిపోయింది. కొత్తది కొనడానికి కాంట్రాక్టరుకు మనసు రాలేదు.

"మోటరు వచ్చేదాకా మీటరును మంచినీళ్ళ బక్కెట్లో పెట్టప్పా," అన్నాడు.

మోటరు రానే లేదు. పొద్దున్నే బక్కెట్లో నీళ్ళు మార్చడం దేవేంద్రప్ప డ్యూటీ అయిపోయింది. మనిషన్నవాడు చెయ్యాల్సిన ఉద్యోగమా అది!

వంక పక్కనే నాగలత కౌలుకు చేసుకునే ఆకుకూరల మడి. చదువు రాదు గానీ లైటు రంగు తెలుసు. పచ్చగా ఉంటేనే ఇంజను వేసి నీళ్ళు తోడుకునేది. మార్కెట్టుకు పోతూ గేటు దగ్గర ఆగి, "వదినకియ్యన్నా," అని ఒక కట్ట చేతిలో పెట్టేది. దేవేంద్రప్ప సిగ్గుతో చచ్చిపోతూనే పుచ్చుకునేవాడు.

ఒకరోజు ఆమె చేతులు చూశాడు. మోచేతుల దాకా దద్దుర్లు.

"నీళ్ళు శానా వాసనొస్తాండాయన్నా. లైటేమో పచ్చగానే ఉండాది. నువ్వుండావు గదా అని తోడుకుంటాండా."

అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోపలికి పోయి, మీటరును బక్కెట్లోంచి తీసి కాలువలోకి దించాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు. తిరిగొచ్చేసరికి బోర్డు ఎర్రగా వెలుగుతోంది.

"అయ్యో, మిషను చెడిపోయెనా అన్నా? నిన్నేమన్నా అంటారేమో!" అంది నాగలత కంగారుగా.

"చెడిపోలేదు. ఇన్నాళ్ళూ దాన్ని మంచినీళ్ళ బక్కెట్లో పెట్టింటి. నేనే పెట్టింటి."

అర్థం కావడానికి ఆమెకు కాస్త సేపు పట్టింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె మాత్రం తలమీది గంప దించి అతని దగ్గరికొచ్చింది.

"మరి నేనిచ్చిన ఆకు నీ బిడ్డలు తినిరి గదన్నా! వాళ్ళకేం కాలేదు గదా?"

ఏమీ కాలేదని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. ఆ మాట ఎంతకీ నోటికి రాలేదు.

"మా ఇంట్లో తినలేదు నాగలతా," అన్నాడు నేల చూస్తూ. "ఏ పొద్దూ ఇంటికి తీసకపోలేదు. ఆ రోడ్డు మలుపులో పారేస్తాంటి."

నాగలత గంపలోని కట్టల వైపు చూసింది.

"మేం తింటిమి గదన్నా," అంది.