పోస్ట్‌మార్టం పిన్ని

పాత ఫిల్టరును కోసి చూడకుండా పారేయమంటే పిన్నికి ప్రాణం పోయినంత పని. అట్టపెట్టెల గోదాములో ప్రెస్సు మరమ్మతులన్నీ ఆవిడవే. మార్చిన ఫిల్టరు చేతికి రాగానే పనిముట్ల గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. లోపల్నుంచి రంపం చప్పుడు కరకరమని వినిపించేది. లోపల ఏం కనబడిందో మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. అందుకే గోదామంతా ఆవిణ్ణి పోస్ట్‌మార్టం పిన్ని అనేది. నిజానికి ఆవిడ పిన్ని అయ్యేది ఒక్కడికే, ప్రెస్సు నడిపే కుర్రాడికి. అతను ఆవిడ అక్క కొడుకు. మిగతావాళ్లంతా ఆ వరస అతని దగ్గర అరువు తెచ్చుకున్నవాళ్లే.

ఆ ప్రెస్సు నూనె బలంతో నడుస్తుంది. గదినిండా ఉన్న అట్టల్ని బీరువా అంత మూటగా నొక్కేస్తుంది. అట్టల దుమ్ము నూనెలో పడిందా, పంపు పని గోవిందా! ఆ దుమ్ముకి అడ్డం ఫిల్టరు. ఆ ఫిల్టరుకి కాపలా పిన్ని.

ఓసారి అక్క కొడుకు కొత్త నూనె డబ్బా మూత తీసి తిన్నగా ట్యాంకులోకి వంచబోయాడు.

"ఒరేయ్! వడకట్టావా?"

"సీలు తియ్యని కొత్త నూనె పిన్నీ!"

"కొత్తదైతే? కొత్త చుట్టమని చెప్పి బురద కాళ్లతో నట్టింట్లోకి రానిస్తామా?"

ఈ వడపోత గోదాముతో ఆగలేదు. ఇంట్లో టీ రెండుసార్లు వడకట్టేది. మూడోసారికి బాబాయి గ్లాసు పట్టుకుని వీధిలోకి పారిపోయేవాడు. ఎవరైనా కబురు మోసుకొచ్చినా అంతే.

"పిన్నీ, సారు ప్రెస్సు అమ్మేస్తున్నారంట!" అని ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు రొప్పుతూ వచ్చాడు.

"ఎవరన్నారు? వడకట్టావా?"

అతను వెళ్లి కనుక్కుంటే, యజమాని అమ్మేది ఇంట్లో పాత ఇస్త్రీపెట్టె అని తేలింది.

ఇలా నవ్వుకుంటూ గడిచిపోతుండగా ఒకరోజు ఆకాశం నల్లగా మూసుకొచ్చింది. ఆరుబయట అట్టలు కొండలా పడున్నాయి. తడిశాయంటే ఎందుకూ పనికిరావు. గేటు దగ్గర లారీలు హారన్లు కొడుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఫిల్టరు మీది మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. పిన్ని మారుమాట లేకుండా ప్రెస్సు ఆపేసి, తాళంచెవి జేబులో వేసుకుంది.

యజమాని పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇది? వానొచ్చేస్తోంది! ఈ ఒక్క పూటా నడిపించు."

"ఫిల్టరు మూసుకుపోయింది సార్. ఇప్పుడు నడిపిస్తే నూనె దాన్ని తప్పించుకుని పక్కదారిన పోతుంది. చెత్తంతా పంపులోకే."

"పోనీ, ఫిల్టరు తీసేసి నడిపించు!"

"ముక్కు మూసుకుపోయిందని కోసేసుకుంటామా సార్?"

"తాళంచెవి ఇటివ్వు."

"మార్చాకే ఇస్తాను. మీరు అరుస్తుంటే ఇంకా ఆలస్యమవుతుంది."

పిన్ని గొట్టాల్లో ఒత్తిడి దించింది. ఫిల్టరు గిన్నె విప్పింది, తుడిచింది, కొత్త ఫిల్టరు పెట్టింది, కొత్త రబ్బరు రింగుకి నూనె రాసి బిగించింది. ట్యాంకు అడుగున ఉండే జల్లెడ కూడా బయటికి తీసి, ఒక్కసారి చూసి, గబుక్కున గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. పైన ఉరుములు ఉరుముతున్నా ఆ చేతులు తొందరపడలేదు, ఆగనూ లేదు.

ఈలోగా యజమాని పాత ఫిల్టరు చేతిలోకి తీసుకున్నాడు. "ఇది మొన్ననేగా మార్చావు? ఇంతలోనే ఎలా మూసుకుపోయింది? ఎవడో వెధవపని చేశాడు. ఇక్కడే కొయ్యి, నా ముందర. ఎవడో తేలితే వాడికి ఇవాళే ఆఖరు!"

ఉరుములకి ఆగని చేతులు అప్పుడాగాయి.

"ఇక్కడ వెలుతురు చాలదు సార్."

"టార్చి తెప్పిస్తా."

"రంపం మొండిది."

"కొత్తది తెప్పిస్తా!"

తప్పేది కాక పిన్ని కోసింది. లోపలి మడతలు విప్పి బల్ల మీద పరిచింది. మడతల సందుల్లో ఆకుపచ్చ ఉన్ని నూగు! అక్క కొడుకు చూడగానే గుర్తుపట్టాడు. మొన్న నూనె పోసేటప్పుడు గుడ్డ దొరక్క, తన పాత స్వెట్టరుతో ట్యాంకు మూతి లోపలంతా తుడిచాడు.

"ఎవరిదిది?"

"నాదే సార్," అంది పిన్ని.

"నీదా? చలికాలంలో కూడా ఫ్యాను కింద కూర్చునే మనిషివి, నీకు స్వెట్టరా?"

"ఈమధ్యే చలి మొదలైంది సార్," అంటూ నుదుటి చెమట తుడుచుకుంది.

అక్క కొడుకు ఇక ఉండబట్టలేకపోయాడు. "నాది సార్. తుడిచింది నేను."

"నోర్మూసుకోరా!" అని పిన్ని కసిరింది.

అంతలో వెనకనుంచి ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "ఆ లెక్కన, అంతకుముందు ట్యాంకు మూత తెరిచి వదిలేసింది నేను సార్. పిన్ని గదిలో ఫిల్టరు కోసిన మర్నాడే మూతకి గొలుసు పడింది. ఎందుకో ఇప్పుడర్థమైంది."

మూటలకి తీగలు చుట్టేవాడు తల గోక్కున్నాడు. "నాకు దారాలూడని గుడ్డలిచ్చింది. ముచ్చటపడి ఇచ్చిందనుకున్నా!"

ఆ తలుపు ఎందుకు మూసుకునేదో అక్క కొడుక్కి అప్పుడు తెలిసింది. ఎవరి పొరపాటో ఫిల్టరు చెప్పేసేది. పిన్ని దాన్ని దిద్దేది గాని పేరు బయటపెట్టేది కాదు.

"అంటే ఇన్నాళ్లూ అందర్నీ వెనకేసుకొచ్చావన్నమాట!" యజమాని ముఖం జేవురించింది. గుడ్డలో చుట్టిన జల్లెడ లాక్కున్నాడు. "ఇందులో ఇంకెవడి పాపముందో చూస్తా!"

"అది మాత్రం వద్దు సార్..."

జల్లెడకి అతుక్కుని ఉన్నది తళతళలాడే పెప్పర్‌మెంటు కాగితం. పొడిదగ్గుకి రోజంతా పెప్పర్‌మెంట్లు చప్పరిస్తూ, అప్పుడప్పుడూ ట్యాంకులోకి తొంగిచూసే మనిషి ఆ గోదాములో ఒక్కడే. పనివాళ్లంతా ఉన్నట్టుండి తలెత్తి మబ్బుల్ని శ్రద్ధగా చూడసాగారు.

"ఏమ్మా... ఇదీ..." అన్నాడు యజమాని.

"ఏం లేదు సార్. జల్లెడకి వయసైపోయింది."

"అవును, పాపం, బాగా వయసైపోయింది," అంటూ యజమాని ఆ కాగితాన్ని జేబులో వేసుకున్నాడు. తర్వాత అందరి మీదా గట్టిగా అరిచాడు. "ఇంకా నిలబడి చూస్తారేం? కానివ్వండి!"

పిన్ని జల్లెడ కడిగి మళ్లీ ట్యాంకులో బిగించి, తాళంచెవి ఇచ్చింది. ప్రెస్సు చల్లగా, మెత్తగా నడిచింది. చివరి మూట రేకుల కిందికి చేరేసరికి వాన దబదబా అందుకుంది. యజమాని జేబులోంచి పెప్పర్‌మెంట్లు తీసి, ఎవరి ముఖమూ చూడకుండా అందరికీ పంచాడు. అందరూ నోట్లో వేసుకుని, కాగితాలు గుప్పిట్లో పట్టుకుని, ఎక్కడ పడెయ్యాలో తెలియక బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు.

పిన్ని నవ్వుతూ చెయ్యి చాపింది.