నా దగ్గర ఆగిపోయిన సుగుణక్క రాతలు

ఇది నేను డైరీలో కూడా రాయలేదు. చదివిన పుస్తకం, అమ్మతో పడిన గొడవ, ఎవరికీ చెప్పని కోరిక, అన్నీ అందులో రాసుకునే అలవాటు నాది. ఈ ఒక్కటి మాత్రం కొన్నేళ్లుగా లోపలే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది తెనాలి. నలుగురిలో నోరు విప్పలేను. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లం కొద్దిమందిమి, రైల్లో రోజూ తిరిగేవాళ్ల చేతికిచ్చి పుస్తకాలు మార్చుకునేవాళ్లం. ఫోన్లో గ్రూపు పెట్టుకుంటే అది గుడ్ మార్నింగ్ బొమ్మలతో నిండిపోయింది. "మనకంటూ ఓ చోటుండాలమ్మా. నీకు కంప్యూటరు పని వచ్చుగా" అన్నారు మా అందరిలో పెద్దవారైన బాపట్ల మాస్టారు. మా ఇంట్లో మూలపడిన పాత కంప్యూటరును చాట్ సర్వరుగా మార్చాను. ఎవరు లోపలికి రావాలి, ఎవరి మాట ఎవరికి చేరాలి, అన్నీ నేనే సెట్ చేశాను. శనివారం సాయంత్రం ఎవరికి వారు తాము రాసిన ఒక పేజీ అక్కడ పెట్టాలి. మిగతావాళ్లు చదివి తోచింది చెప్పాలి. అదీ మా పద్ధతి. ఎదురుపడితే మాట పెగలని నేను అక్కడ బాగా రాసేదాన్ని. మెచ్చుకునేవారు. ఆ మెప్పు కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని.

మొదట్లో ఎవరెవరో జొరబడి ప్రకటనలు పెట్టేవారు. అందుకని కొత్తగా చేరినవాళ్ల మాటలు ముందు నా దగ్గర ఆగి, నేను సరేనన్నాకే అందరికీ వెళ్లేలా పెట్టాను. మనవాళ్లేనని తెలిశాక ఆ అడ్డు తీసేసేదాన్ని.

సుగుణక్క అలాగే చేరింది. ఆమెది రేపల్లె. నిజాంపట్నం హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో గుమస్తా. వాళ్లమ్మ ఎండుచేపలకు కాపలా కూర్చోవడం గురించి మొదటి పేజీ రాసింది. "కాకులకు మా అమ్మ పేరు తెలుసు, మా నాన్నకే గుర్తుండదు" అని ఒక వాక్యం. చదివి, మళ్లీ మొదటికొచ్చి చదివాను. నావన్నీ పుస్తకాల్లోంచి తెచ్చుకున్న మాటలేనని ఆ ఒక్క వాక్యంతో తెలిసిపోయింది.

ఆ పేజీని అందరికీ వదల్లేదు. రేపు వదులుదాం అనుకున్నాను. మరుసటి శనివారం ఇంకోటి వచ్చింది. అదీ ఆపాను. ఆమె పలకరింపులు, మా రాతలకు ఆమె చెప్పే మంచి మాటలు మాత్రం పంపించేదాన్ని. ఆమె రాతలే ఆగిపోయేవి. ఆమె ఫోన్లో అవి అందరికీ వెళ్లినట్టే కనిపించేవి.

అసూయేనా? అసూయే. కానీ అంతటితో పోలేదు. ఆమె పేజీ కోసం నా పేజీకి వచ్చే మెప్పు కంటే ఎక్కువగా ఎదురుచూసేదాన్ని, పదేపదే చదువుకునేదాన్ని, ఇంత మంచి వాక్యాన్ని నేనొక్కదాన్నే చదివానని లోలోపల మురిసిపోయేదాన్ని, అటువైపు ఆమె జవాబు కోసం ఫోను చూసుకుంటూ కూర్చుంటుందని తెలిసి కూడా. దీన్ని ఏమంటారు? దొంగతనమనే అంటారు.

ఒకసారి మాస్టారు నన్ను విడిగా అడిగారు, సుగుణమ్మ అందరివీ చదువుతుంది గానీ తను రాయదేంటని. మొహమాటమేమోనండి అన్నాను.

తర్వాత ఒకరోజు పుస్తకం తిరిగివ్వడానికి ఆమె తెనాలి స్టేషన్లో దిగింది.

"ఏమ్మా, ఒకటి అడుగుతాను. నా రాతలు అంత బాగోవా?"

"అదేంటక్కా."

"ఒక్కరూ ఏంటని అడగలేదు. మా ఆయనైతే ఒకటే నవ్వు. నీ చేపల కంపు ఫోన్లోంచి కూడా కొడుతుందేమోనే, అందుకే అందరూ పారిపోయారు అంటాడు."

ఆమె కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"అందరికీ పనులుంటాయి కదక్కా."

"నువ్వు చదివావా?"

"చదివాను."

"ఎలా ఉన్నాయి?"

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ప్లాట్‌ఫారం మీద మా ఇద్దరమే ఉన్నాం.

"బాగానే ఉన్నాయక్కా."

"పోన్లే. పాపం, బాగోలేదని నీ నోటితో చెప్పించడం ఎందుకు" అని సంచిలోంచి జామకాయలు తీసి నా చేతిలో పెట్టింది.

ఆ శనివారం ఆమె రాయలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాయలేదు. తనంతట తనే మానేసిందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఈమధ్య పాత కంప్యూటరు మాటిమాటికీ మొరాయించింది. కొత్తదాంట్లో అన్నీ మొదటినుంచి సెట్ చేయాల్సి వచ్చింది. పాతదాంట్లోని సెట్టింగులు చూస్తూ ఒక్కో వరుస టైపు చేస్తున్నాను. సుగుణక్క పేరున్న వరుస దగ్గర ఆగాను. ఎప్పుడో పెట్టిన అడ్డు, తీయడం మరిచిపోయాను, ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న మాట అదే. ఇప్పుడు అది ఉండాలంటే నా వేళ్లతో కొత్తగా కొట్టాలి. కొట్టలేకపోయాను.

ఆ మధ్యాహ్నమే ఆమెకు అంతా రాసి పంపాను. సాకులు వెతుక్కోలేదు. మాస్టారికీ చెప్పి, సర్వరు పాస్‌వర్డు ఆయనకు ఇచ్చేశాను. "ఎంత పని చేశావమ్మా" అన్నారాయన.

సుగుణక్క జవాబు మర్నాడు వచ్చింది. "నా దగ్గర అవేవీ లేవు. ఎవరికీ నచ్చలేదని తీసేశాను. ఉంటే పంపించండి." నన్నెప్పుడూ ఆమె మీరు అనలేదు. అన్నీ పంపించాను. అందాయని కూడా చెప్పలేదు.

క్షమిస్తుందా? తెలియదు. నేను అడగలేదు. ఆమె దగ్గర నుంచి తీసుకున్నది చాలు, అది కూడా ఎలా అడగను? అయినా సిగ్గుపడుతూనే మీకు ఒక మాట చెబుతున్నాను, నాకు తేలిగ్గా ఉంది. ఫోను మోగితే ఆమేనేమోనని భయం లేదు. నా పేజీ నాకు చిన్నదిగా కనిపిస్తోంది, అది కూడా బాగానే ఉంది.

మొన్న శనివారం సుగుణక్క పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది. అందరివీ చదువుతున్నట్టుంది. ఏమీ రాయలేదు. నేనూ రాయలేదు. మళ్లీ రాస్తుందో లేదో. రాస్తే మాత్రం, అది నా దగ్గర ఆగదు.