చప్పిడి తిండికని పోయి

మిరపకాయ విషయంలో నా మాటకు తిరుగులేదు. ఎనుమాముల మార్కెట్‌లో నాది మిర్చి అడ్తి దుకాణం. రైతు తెచ్చిన కాయను కొనేవాళ్లకు చూపించి అమ్మిపెట్టడం మా పని. మా నాన్న చేసిందీ ఇదే. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకొని విరుస్తాను. చప్పుడును బట్టి తేమ ఎంతుందో తెలుస్తుంది. తరువాత వాసన, ఆ తరువాత నాలుక చివర చిన్న ముక్క. ఇంతలో కాయ జాతకం మొత్తం చెప్పేస్తాను. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే కాబట్టి, లోకంలోని తక్కిన విషయాలన్నిటికీ కూడా దీన్నే వాడుతుంటాను.

హోటళ్ల సంగతే తీసుకోండి. ఏ ఊరికి పోయినా నేను ముందుగా మెనూ అడగను. "మీ ఎండుమిరపకాయ ఒకటి తెప్పించండి" అంటాను. తెస్తే విరిచి చూస్తాను. కాయలో కక్కుర్తి పడినవాడు నూనెలో పడకుండా ఉంటాడా అన్నది నా సిద్ధాంతం. తిరుపతిలో, విజయవాడలో, షిర్డీలో కూడా ఇది పనిచేసిందని నేను అందరికీ చెప్తుంటాను. పనిచేయని ఊళ్ల జాబితా మా ఆవిడ దగ్గర ఉంది. ఆమె దాన్ని బయట పెట్టదు.

మా ఆవిడకు మిరపకాయతో ఉన్న సంబంధం వేరు. సాయంత్రం నేను ఇంట్లో అడుగు పెట్టగానే ఆమె తుమ్ముతుంది. పెళ్లయిన కొత్తలో, కోడలికి ఎవరి కన్నో తగిలిందని మా అమ్మ ఎండుమిరపకాయలతోనే దిష్టి తీసింది. తుమ్ములు ఇంకా పెరిగాయి. అప్పటి నుంచి నేను మార్కెట్ చొక్కా వాకిట్లోనే విప్పి దండెం మీద వేసి లోపలికి వస్తున్నాను. దాంతో నాలుగు తుమ్ములు రెండుకు దిగాయి. ఇరవై అయిదేళ్లుగా ఆమె రోజుకు రెండుసార్లు తుమ్ముతూనే ఉంది, నేను దాన్ని నేనొచ్చానని మోగే గంటలాగా వింటూనే ఉన్నాను.

మా పెళ్లయి ఇరవై అయిదేళ్లయిందని హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి మాకు బ్యాంకాక్ టూర్ బుక్ చేసింది. గురువారం పొద్దున దిగడం, ఆదివారం పొద్దున తిరిగి విమానం ఎక్కడం. పొద్దుటి టిఫిన్ వాళ్లు పెడతారు, మిగతా పూటలు ఎక్కడ తినాలో మన ఇష్టం. ఆ చివరి మాట దగ్గరే నాకు హుషారు వచ్చింది.

సూట్‌కేసు సర్దుతున్న రోజు నేను ఆవకాయ సీసా, కారప్పొడి డబ్బా, పల్లికారం పొట్లం తెచ్చి బట్టల మధ్య దోపాను. ఆమె ఒక్కొక్కటే తీసి మళ్లీ అల్మారాలో పెట్టింది.

"ఎందుకు తీస్తానవ్?" అన్నాను.

"నేనొకటి అడుగుత, నవ్వొద్దు," అన్నది. "ఆడ ఉన్నన్ని దినాలల్ల కారం లేని తిండి తినాలని ఉన్నది నాకు. ఒక్క పూటన్న సాలు. చప్పటిది. ఏడ తినాల్నో నేను చెప్త, మీరు జర ఊకోన్రి."

నవ్వొద్దన్నది కాబట్టి నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. అప్పుడు నాకు నిజంగా అడుగుతున్నదని అర్థమైంది.

"సరే, హోటల్ సెలెక్షన్ మొత్తం నీదే," అన్నాను. "నేను నోరే తెరవ. ఫికర్ చెయ్యకు."

ఆ మాటకు ఆమె ముఖం విప్పారింది. అప్పుడే అల్మారాలోంచి నాలుగు కొత్త అంగీలు తీసి చూపించింది. అన్నీ లేత రంగులవి, నిండు చేతులవి. "మార్కెట్ మొఖం సూడని అంగీలు," అన్నది. "ఆడికి ఇవే తొడుక్కోన్రి."

బ్యాంకాక్‌లో దిగి బస్సులో హోటల్‌కు పోతుంటే ఆమె కిటికీ అద్దానికి ముఖం ఆనించి కూర్చుంది. నేను గుళ్లు చూస్తున్నదేమో అనుకున్నాను. ఒక కాలువ వంతెన దగ్గర నా చెయ్యి పట్టుకొని గుంజింది. "అగో, పసుపు జెండా."

వంతెన పక్కన చిన్న దుకాణం, దాని ముందు పసుపు జెండా, జెండా మీద ఎర్రటి అక్షరాలు. ఒక ముసలామె పెద్ద గిన్నెలోంచి తెల్లగా, జావ లాంటిదేదో గంటెతో పోస్తున్నది. ఆవిరి పైకి లేస్తున్నది. అటువంటి జెండా ఉన్న చోట మాంసం, గుడ్డు, ఆఖరుకు ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవని అమ్మాయి ఫోన్లో చెప్పిందట.

"శనారం నా ఒక్కపొద్దు గద. ఆనాడు ఈడ తింట," అన్నది.

శనివారం ఆమె ఒక్కపొద్దు ఉంటుంది. రోజు మొత్తంలో ఒక్కసారే భోజనం. చాయ్ తాగవచ్చు, కానీ అన్నం ముందు కూర్చొని తిని చెయ్యి కడుక్కున్నదంటే మళ్లీ ఆదివారం దాకా ముద్ద ముట్టదు. మా పెళ్లికి ముందు నుంచీ ఉన్న నియమం అది, జ్వరమొచ్చినా తప్పలేదు. "శనివారం ఎందుకు, ఇయ్యాలే తిందాం" అని నేను అనవలసింది. అనలేదు. ఇంకా మూడు రోజులున్నాయి కదా అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఆమె ఒక సూపు దుకాణం చూపించింది. లోపల జనం లేరు. జనం లేని హోటల్లో తినొద్దని నోరు తెరవకుండా ఎలా చెప్పడం? తెరిచాను. పొద్దుటే దిగాం, అలసిపోయాం, కడుపుకు తెలిసిన తిండి పడాలి అని ఒక ఉపన్యాసమిచ్చి, ఎండలో ముప్పావు గంట నడిపించి, మన దేశపోళ్ల హోటల్ ఒకటి పట్టుకున్నాను. ఎర్రటి కూర, ఎర్రటి పచ్చడి. నాకైతే ప్రాణం లేచివచ్చింది. ఆమె పెరుగు కలుపుకొని తిన్నది.

"రేపటి సంది నీ ఇష్టం," అన్నాను.

శుక్రవారం ఆమె బండి మీద మామిడిపండు ముక్కలు, పక్కన కొబ్బరిపాలు పోసిన అన్నం అమ్ముతుంటే ఆగింది. "ఇది తిందాం," అన్నది. అన్నంలో మామిడిపండు ఏమిటి, ముందు సరిగ్గా భోజనం చేసి తరువాత దీన్ని తిందాం అన్నాను. ఇక భోజనం అన్నాక హోటల్ ఎంచాలి, హోటల్ ఎంచాలంటే నాకు తెలిసిన దారి ఒక్కటే. మొదటి హోటల్లో ఫోన్లో ఎండుమిరపకాయ బొమ్మ చూపించి అడిగాను. తెచ్చారు. తొడిమ దగ్గర నల్లబడి ఉంది, లేచి వచ్చేశాం. రెండో చోట తేమ ఎక్కువ. మూడో హోటల్ యజమానురాలు నేను కాయను చెవి దగ్గర విరిచి, వాసన చూసి, కిటికీ వెలుతురులో గింజలు లెక్కపెట్టినట్టు చూడటం గమనించి బెదిరిపోయింది. లోపలికి పోయి గోడకున్న లైసెన్సు కాగితాన్ని ఫ్రేముతో సహా పట్టుకొచ్చింది. వంటవాళ్లు టోపీలు పెట్టుకొని వరసగా నిలబడ్డారు. ఒకామె ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుంది.

నేను తనిఖీ ఆఫీసరును కానని చెప్పాలి. చెప్పలేదు. ఎందుకు అబద్ధం, నాకు బాగా నచ్చింది. ఫ్రిజ్‌లోకి కూడా తొంగిచూసి తల ఊపాను.

అక్కడే తిన్నాం. నా పళ్లెం నిండా మిరపకాయలు, ఆమె పళ్లెంలో నేను ఏరి తీసుకున్నవి పోగా మిగిలినవి. తిరిగి వచ్చేసరికి మామిడిపండు బండి లేదు. బండి నిలిచిన చోటును ఆమె కాసేపు చూసింది. "రేపు మాత్రం పసుపు జెండానే," అన్నది. "ఇగ ఒక్క పూటే ఉన్నది."

"ఒట్టు," అన్నాను.

శనివారం ఆమె పొద్దున్నే తలస్నానం చేసి చాయ్ తాగింది. అంత హుషారుగా ఆమెను ఈ మధ్య చూడలేదు. వంతెన దారి ఫోన్లో పెట్టి తానే ముందు నడిచింది. నేను వెనక. తెల్ల అంగీ తొడుక్కున్నాను. పావుగంట నడిస్తే చాలు. ఇంకో రెండు సందులు దాటితే దుకాణం వచ్చేది, మధ్యలో కిరాణా బజారు రాకపోయి ఉంటే.

ఎండుచేపలు, పుట్టగొడుగులు, వాటి పక్కన వరసగా నిలబెట్టిన మిర్చి బస్తాలు. మూతులు విప్పి ఉన్నాయి. నా కాళ్లు వాటంతట అవే ఆగాయి. చెయ్యి మోచేతి దాకా బస్తాలోకి పోయింది.

"అంగీ," అన్నది ఆమె వెనక నుంచి. నేను వినిపించుకోలేదు.

అడుగు కాయ తీసి విరిచాను. ఆ చప్పుడు నాకు తెలుసు. ఆ ఘాటు తెలుసు. సన్నగా, కొస తేలి ఉన్న ఆ కాయ తేజ రకం, మా దగ్గర పండేది. ఖమ్మం కాయో గుంటూరు కాయో కూడా కావచ్చని ఇప్పుడు అంటాను. ఆ క్షణంలో మాత్రం వర్ధన్నపేట చేన్లో కోసి నా దుకాణం ముందు రాశి పోసిన కాయే అని ఏ దేవుడి మీదనైనా ప్రమాణం చేసేవాణ్ణి. దుకాణదారు మా నాన్న వయసు మనిషి. నా చేతిలో విరిగిన కాయ చూసి, తానూ ఒకటి తీసి చెవి దగ్గర విరిచాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటు వల్ల కాదు, సంతోషం వల్ల. మూడు రోజుల నుంచి నన్ను ఎవరూ గుర్తుపట్టని ఊళ్లో ఒక మనిషి గుర్తుపట్టాడు.

ఫోన్లో మాటలు తర్జుమా చేయించుకుంటూ అరగంట మాట్లాడుకున్నాం. మార్కెట్ యార్డు ఫోటోలు చూపించాను. ఆయన మా ఇద్దరి చేతులూ పట్టుకొని పక్కనే ఉన్న వాళ్ల అక్క హోటల్‌కు లాక్కుపోయాడు.

"మనం పోయేది అటు గద," అన్నది మా ఆవిడ మెల్లగా.

"ఐదు నిమిషాలు. పెద్దమనిషి పిలుస్తాండు, కాదంటే బాగుండది."

మాంసం, గుడ్డు వద్దని ఫోన్లో చూపించాను. నా తెలివి అంతవరకు పనిచేసింది. ఆ అక్క తెల్లన్నం, ఎండుమిరపకాయలు వేసి వేయించిన కూరగాయలు తెచ్చి మా ముందు పెట్టి, తింటామా లేదా అని అక్కడే నిలబడింది. "మన కాయ," అని నేను మా ఆవిడకు చూపించాను, ఆమె ఎన్నడూ చూడనట్టు. ఆమె పళ్లెం వైపు చూసింది, నా వైపు చూసింది. ఒకరు ప్రేమగా పెట్టిన అన్నాన్ని ముందు నుంచి జరపడం ఆమెకు చేతకాదు. తిన్నది. రెండుసార్లు తుమ్మింది. కళ్లు తుడుచుకుంటే బాగా నచ్చిందనుకొని ఆ అక్క ఇంకో గంటె వడ్డించింది. అదీ తిన్నది. తరువాత లేచి చెయ్యి కడుక్కొని వచ్చింది.

బయటికి వచ్చాక నేను గొప్ప ఉదారంగా, "పా, ఇగ నీ దుకాణంకు పోదాం," అన్నాను.

"నా ఒక్కపొద్దు అయిపాయె గద," అన్నది.

కోపంగా అనలేదు. రేపు పొద్దున్నే విమానం. ఇంకా ఇన్ని రోజులున్నాయి కదా అని నేను లెక్క వేసుకోవడానికి ఒక్క పూట కూడా మిగలలేదు.

"సూసన్న పోదాం," అని ఆమే నడిచింది.

దుకాణం తెరిచే ఉంది. పసుపు జెండా కదులుతున్నది. గిన్నెలోంచి ఆవిరి లేస్తున్నది. మూసి ఉంటే బాగుండునని మనసులో అనుకున్నాను. మా ఆవిడ ఒక బల్ల దగ్గర కూర్చొని, ముసలామెకు ఒక వేలు చూపించి, ఆ వేలు నా వైపు తిప్పింది.

"మీరు తినున్రి. ఎట్లున్నదో నాకు చెప్పున్రి."

బియ్యం మెత్తగా ఉడికించిన జావ. పైన సన్నగా తరిగిన అల్లం. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. కారం గురించి చెప్పమంటే నా దగ్గర ఇరవై మాటలున్నాయి. దీనికి ఒక్కటీ దొరకలేదు.

"చప్పగున్నది," అన్నాను.

"చప్పటిదే గద నేనడిగింది. ఇంకా?"

"మెత్తగున్నది. గొంతుల ఆగకుండ పోతాంది."

"ఇంకా?"

"వెచ్చగున్నది. అల్లం వాసన వస్తాంది, జరంత తియ్యగ కూడ ఉన్నది." నిజంగానే బాగుంది. అది చెప్పడానికి నాకు గిన్నెలో సగం అయిపోయేదాకా ధైర్యం రాలేదు. "బాగున్నది," అన్నాను.

ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. తరువాత కుర్చీ ముందుకు జరుపుకుంది. "వాసన సూస్తే ఒక్కపొద్దు పోదు గద," అంటూ గిన్నె మీదికి వంగి, కళ్లు మూసుకొని, గుండె నిండా పీల్చింది.

వెంటనే తుమ్మింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ముసలామె గంటె పక్కన పెట్టి కంగారుగా వచ్చింది. నా గిన్నెలోకి చూసింది. బల్ల మీద చూసింది. వెనక్కి పోయి తన పెద్ద గిన్నెలోకి కూడా చూసుకుంది. ఆ దుకాణంలో ఎక్కడా ఒక్క మిరపగింజ లేదు. గిన్నె పక్కన ఆనించి ఉన్న నా కుడిచెయ్యి ఉంది. మార్కెట్ ముఖం చూడని తెల్ల అంగీ చెయ్యి మోచేతి దాకా ఎర్రగా ఉంది.

నేను దాన్ని మెల్లగా బల్ల కిందికి తీసుకున్నాను.